తడి మసిగుడ్డ

ముందుగా ఒక ఒప్పుకోలు. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పగలిగే మనిషిని కాను నేను. మా ఆవిడ వంకాయలు తెమ్మని పంపితే, తిరిగొచ్చి చెప్పే కథలో వంకాయ గుమ్మడికాయంత అవుతుంది, బేరం పంచాయతీ అవుతుంది, ఎండ అయితే ఏకంగా నా ఒక్కడి వెంటే పడుతుంది. బెజవాడ చుట్టుపక్కల ఫైర్ స్టేషన్లలో ఇరవయ్యేడేళ్లు పనిచేశాక మోకాళ్లు మొరాయించాయి. గడువుకి ముందే విరమణ తీసుకుని భవానీపురంలో కూర్చున్నాను. పనిలో ఉన్నప్పుడు ఆర్పిన మంటలన్నీ ఖాళీగా ఉన్నప్పుడు మళ్లీ రాజుకుని రోజుకో అంతస్తు పెరుగుతున్నాయి.

అందుకని చదివేవాళ్లకి ఒక సౌకర్యం చేస్తున్నాను. నేను పెంచిన చోటు మీకు ఇట్టే తెలిసిపోతుంది. అక్కడ మంట తాటిచెట్టంత ఉంటుంది, జనం తిరనాళ్లంత ఉంటారు. ఆ కొలతలు తీసేసి చదువుకోండి. సాదాగా చెప్పిన చోట మాత్రం నమ్మండి.

ఈ ఉద్యోగంలో కొత్తగా చేరిన కొందరు ఆమధ్య మా ఇంటికొచ్చి, లోపలికి వెళ్లినప్పుడు అన్నిటికంటే దేనికి భయపడాలండీ అని అడిగారు. మంట అంటానని ఎదురు చూశారు. తడికి అన్నాను. వాళ్లు మర్యాదస్తులు కాబట్టి నవ్వలేదు. ముసలాయనకి ఎండదెబ్బ తగిలిందేమో అన్నట్టు మజ్జిగ గ్లాసు నావైపు జరిపారు. నాకింకా యాభై నాలుగే. వాళ్ల కోసం, వాళ్ల తర్వాత వచ్చేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

పొగకి తొందరుంటే

మా స్టేషన్ ఆఫీసరు విక్టర్ గారు. సన్నగా, పొడుగ్గా, నిచ్చెనకి యూనిఫాం తొడిగినట్టు ఉండేవారు. ఆయన నవ్వడం నేను రెండుసార్లు చూశాను. అందులో ఒకటి ఆవలింత కావచ్చు.

డ్రిల్లులో పాత టైర్లూ చెక్కపెట్టెలూ ఒక రేకుల గదిలో వేసి ముట్టించేవారు. మమ్మల్ని వరసగా నిలబెట్టి, ఏం కనిపిస్తోంది అని అడిగేవారు. మంట అన్నవాడికి మైదానం చుట్టూ పరుగు. ఆయనకి కావలసిన జవాబు పొగ. ఏ రంగులో ఉంది, ఎంత దట్టంగా ఉంది, ఎంత తొందరలో ఉంది. తెల్లగా, తీరిగ్గా, సాయంత్రం షికారుకి బయల్దేరినట్టు వచ్చే పొగ ఒక రకం. నల్లగా సుడులు తిరుగుతూ, లోపల ఎవరో తరుముతున్నట్టు గుమ్మంలోంచి తోసుకొచ్చే పొగ ఇంకో రకం. రెండోది కనిపించిందంటే ఆ గది మొత్తం ఒక్కసారిగా అంటుకోవడానికి సిద్ధంగా ఉన్నట్టు.

“పొగంటే కాలిపోయిన సరుకు కాదయ్యా, ఇంకా కాలాల్సిన సరుకు” అనేవారు. గాలి అందనంతసేపే అది పొగ. ఎవరైనా తలుపో కిటికీయో తీసి గాలి ఇస్తే, కప్పు కింద మొత్తం అదే మంట. వేడంతా పైన చేరుతుంది కాబట్టి గచ్చు మీద మనిషి బతికే చోటు మూరెడు ఉంటే, నిలబడ్డవాడి తల ఉన్న చోట పెనం ఉంటుంది. నడుం నొప్పిగా ఉంది, నిలబడి వెళ్తానని నేనొకసారి అంటే, నిలబడాలనుంటే పెళ్లికెళ్లు, ఇక్కడ పాకు అన్నారు. ఇరవయ్యేడేళ్లూ పాకాను. నా మోకాళ్లు ఎక్కడికి పోయాయని మా ఆవిడ అడిగితే ఇదే జవాబు చెబుతుంటాను.

మా అభిషేకం

ఇప్పుడు మా అలవాటు గురించి చెప్పాలి. ఇది డ్రిల్లు పుస్తకంలో ఉండదు.

పాత రోజుల్లో మా పనంతా వేసవిలో పాకలు, గడ్డివాములు. డెల్టాలో పంట నూర్చాక, నాలుగు దిక్కులా ఎండుగడ్డే. ఒక పాక అంటుకుంటే గాలివాటున వీధి మొత్తం పోయేది. అక్కడ మేం చేసే పని ఆరుబయట. ఒంటి మీద ఖాకీ చొక్కా, నిక్కరు. నిప్పురవ్వలు మీద పడితే చొక్కా అంటుకునేది. అందుకని మంట దగ్గరికి వెళ్లేవాడి నెత్తిన ముందు రెండు బకెట్ల నీళ్లు కుమ్మరించేవాళ్లు. అసలే బెజవాడ ఎండలకి కాకులు కూడా నడిచే వెళ్లే ఊరు మాది. రిక్షావాడి నుంచి ప్లీడరు దాకా మే నెలలో తడి తువ్వాలు నెత్తిన లేకుండా గడప దాటరు. తడి అంటే మాకు చల్లదనం, రక్షణ, ధైర్యం. దానికి స్టేషన్లో అభిషేకం అని పేరు.

తర్వాత కాలం మారింది. పాకల చోట డాబాలొచ్చాయి, మంటలు గదుల్లోకి వెళ్లాయి. వాటి వెనకే మేమూ వెళ్లాం. మందపాటి పొరల కోట్లు, వీపున గాలి సిలిండర్లు, మాస్కులు ఇచ్చారు. ఆ కోటు తొడుక్కుంటే నేను మీగడ తీయని పాలక్యాన్‌లా ఉండేవాణ్ని. అన్నీ మారాయి గానీ బకెట్ మారలేదు. ఆ బకెట్ పట్టేది నేను. లీడింగ్ ఫైర్‌మన్ని కాబట్టి అది నా హక్కు అనుకునేవాణ్ని. ఒక్కొక్కరికీ పోస్తూ ఒక్కో జోకు వేసేవాణ్ని. భయంతో బిగుసుకున్న మొహాలు నవ్వేవి. నా బకెట్‌కి సగం పేరు ఆ జోకుల వల్లే వచ్చింది.

యేసుబాబు మా నాజిల్ మనిషి. నాకంటే పదేళ్లు చిన్న. గొట్టం చివర నాజిల్ పట్టుకుని ముందు పాకేవాడే ఆ గదిలో అందరి ప్రాణం. నీళ్లు ఎంత, ఎప్పుడు, ఎక్కడ కొట్టాలో నిర్ణయించేది ఆ చేతులే. యేసుబాబు చేతులంటే నాకు అసూయ. గొట్టంలో నీళ్లు బుసకొడుతూ వస్తే మాలో ఇద్దరం పట్టినా అది మమ్మల్నే ఈడ్చుకెళ్లేది. అతని చేతిలో అదే గొట్టం పెంపుడు కుక్కలా నడిచేది. ఆదివారం చర్చిలో డోలక్ వాయించేవీ ఆ చేతులే. అతనికి పోసేటప్పుడు అభిషేకం కాదు, బాప్తిస్మం అనేవాణ్ని. “నాకయిపోయిందన్నా, ఇంకెన్నిసార్లిస్తావు” అనేవాడు.

సీట్ల షాపు

ఆ రోజు మే నెల మధ్యాహ్నం, ఆటోనగర్‌లో లారీ సీట్లు కుట్టే షాపు. కింద హాలు, వెనకవైపు చెక్క అటక. హాలు నిండా స్పాంజి, రెగ్జిన్, అతికించే జిగురు డబ్బాలు. స్పాంజి మెత్తగా ఉంటుంది గానీ, కాలడం మొదలెడితే పెట్రోలుకి తమ్ముడే. మేం వెళ్లేసరికి సగం ఎత్తిన షట్టరు కింద నుంచి నల్లటి పొగ తోసుకొస్తోంది. ఆ పొగని చూసి పక్క వీధిలో లారీలు వాటంతటవే వెనక్కి వెళ్లాయని నేను చాలా చోట్ల చెప్పాను. జనం మాత్రం నిజంగానే తిరనాళ్లే.

షాపు యజమాని పరిగెత్తుకొచ్చి విక్టర్ గారి చేతులు పట్టుకున్నాడు. సీట్లు కుట్టే మేస్త్రీ సాంబయ్య భోంచేసి అటక మీద పడుకుంటాడని, ఇంకా బయటికి రాలేదని ఏడుస్తున్నాడు. మనిషి ఉన్నాడన్నాక పొగ రంగు చూస్తూ నిలబడలేం. విక్టర్ గారు ఆయన్ని పక్కకి తీసుకెళ్లి లోపల ఏది ఎక్కడుందో అడుగుతున్నారు. నన్నూ యేసుబాబునీ సిద్ధం కమ్మన్నారు.

లోపలికి వెళ్లేముందు యేసుబాబు నీళ్లు పోయమన్నాడు. పోశాను.

నేను తడుపుకోలేదు. తడిపేవాణ్ని తడిపే తీరిక ఎవరికీ లేకపోయింది.

పాక్కుంటూ వెళ్లాం. ముందు అతను, గొట్టం మోస్తూ వెనక నేను. లోపల నా చెయ్యి నాకే కనిపించలేదు. యేసుబాబు పాఠం ప్రకారమే చేశాడు. పైనున్న వేడి పొగలోకి చిన్న చిన్న జల్లులు, మధ్యలో ఆగి వినడం, మళ్లీ జల్లు. ఎక్కువ నీళ్లు కొడితే మన ఆవిరే మన మీద దిగుతుంది. నీళ్లు ఆవిరైతే వెయ్యి రెట్లకి పైగా పెరుగుతాయి. ఈ లెక్క నాది కాదు, భౌతికశాస్త్రానిది. పెంచడంలో నన్ను మించినది నాకు కనిపించింది ఇదొక్కటే.

అటక నిచ్చెన దాకా చేరాం. సరిగ్గా అప్పుడు వెనకవైపు అద్దం పగిలిన చప్పుడు. పొగ బయటికి పోతే లోపలున్నవాళ్లకి ఊపిరాడుతుందని ఎవరో పుణ్యాత్ముడు ఇనప రాడ్డుతో వెంటిలేటర్ పగలగొట్టాడు. గాలి వచ్చింది. కప్పు కింద పొగ నారింజరంగుకి తిరిగింది. సెగ పై నుంచి దిగింది, దుప్పటి కప్పినట్టు. యేసుబాబు వెనక్కి వెళ్లకుండా మోకాళ్ల మీద ఆగి నాజిల్ పూర్తిగా తెరిచి పట్టాడు. మేమిద్దరం తిరిగి గుమ్మం చేరేదాకా ఆ చేతులు వదల్లేదు. వదిలి ఉంటే ఈ కథ చెప్పడానికి ఇంకొకర్ని వెతుక్కోవాల్సొచ్చేది.

బయటపడ్డాక తెలిసింది, వెంటిలేటర్ పగలగొట్టిన పుణ్యాత్ముడి పేరు సాంబయ్య. ఆ రోజు అతను అటకెక్కనేలేదు. మేం ఎవరి కోసం లోపల పాకుతున్నామో, అతనే బయట నిలబడి మాకు సాయం చేస్తున్నాడు. అతన్ని తిట్టడానికి నోరు తెరిచాను. అన్నం తిన్న చెయ్యి కడుక్కోకుండా పరిగెత్తుకొచ్చినట్టున్నాడు, వేళ్లకి ఇంకా పప్పు అంటుకుని ఉంది. తిట్టలేకపోయాను.

అప్పుడే యేసుబాబు, “అన్నా, గ్లవుజులు ఊడి రావట్లేదు” అన్నాడు.

కాలని కోటు

మూడో రోజు ఆసుపత్రికి వెళ్లాను. విక్టర్ గారు అప్పటికే మంచం పక్కన స్టూలు మీద ఉన్నారు. యేసుబాబు రెండు చేతులూ కట్లతో దిండ్లలా ఉన్నాయి. భుజాల మీద సిలిండరు పట్టీలు నొక్కిన చోట పట్టీ వెడల్పున రెండు చారలు ఉడికిపోయాయి. మోకాళ్లు నేలకి ఒత్తుకున్న చోటా అంతే. చేతులు మళ్లీ ఏ మాత్రం పనికొస్తాయో చూడాలన్నారు డాక్టరు గారు. ఆ “చూడాలి” చుట్టూనే గదిలో అందరం తిరుగుతున్నాం. నాజిల్ ఎవరు పట్టుకుంటారు, డోలక్ ఎవరు వాయిస్తారు అని ఎవరూ పైకి అనడం లేదు.

అతని భార్య సునీత చెంచాతో జావ తాగిస్తోంది. ఆ అమ్మాయిని నవ్విద్దామని నేను నా ధోరణిలో మొదలెట్టాను. మంట మూడంతస్తులు లేచిందన్నాను. మా మీద నుంచి గోదారిలా పారిందన్నాను. ఆమె చెంచా గిన్నెలో పెట్టింది.

“అంత మంట పడితే కోటు కాలలేదేం అన్నయ్యగారూ?”

కోటు మంచం కిందే ఉంది. మసి తప్ప ఎక్కడా చిన్న చిల్లు లేదు. కోటు క్షేమంగా ఉంది, లోపల మనిషి ఉడికాడు. నా కోటూ అదే గదిలో, అదే సెగలో, అతనికి నాలుగడుగుల వెనకే ఉంది. నాకు ఎడం చెవి మీద శనగగింజంత బొబ్బ వచ్చింది, అంతే.

“ఆయన కోటు లోపలికి పోకముందే తడిసుందా?” అని అడిగింది.

తడిసింది అన్నాను. గ్లవుజులు కూడానా అంది. గ్లవుజులు కూడా.

“తడి మసిగుడ్డతో పొయ్యి మీద గిన్నె దింపుతారా ఎవరైనా? దింపితే చెయ్యి ఊడుద్ది. పదేళ్ల ఆడపిల్లనడిగినా చెప్పుద్ది ఆ సంగతి. ఎవరు తడిపారండీ ఈయన్ని?”

విక్టర్ గారు నావైపు చూశారు. నా నోట్లో ఎప్పుడూ మాటలు క్యూ కట్టి ఉంటాయి. ఆ రోజు ఒక్కటీ ముందుకు రాలేదు.

యేసుబాబు గోడవైపు చూస్తూ, “నేనే పోయమన్నానే. ఎండగా ఉందని” అన్నాడు.

సునీత చెంచా మళ్లీ తీసుకుంది.

పొయ్యి ముందు పాఠం

మర్నాడు పొద్దున విక్టర్ గారు అందర్నీ స్టేషన్ వంటగదిలోకి పిలిచారు. పొయ్యి మీద సత్తుగిన్నెలో నీళ్లు తెర్లుతున్నాయి. గట్టు మీద రెండు మసిగుడ్డలు. ఒకటి పొడిది, రెండోది ఆయనే కుళాయి కింద తడిపి పిండారు. గిన్నె దింపమని ముందుగా నన్ను పిలిచారు. పొడి గుడ్డ తీసుకోబోయాను.

“అది కాదు. నీకిష్టమైంది తీసుకో” అన్నారు.

తడి గుడ్డతో పట్టుకున్నాను. మొదటి క్షణం హాయిగా, చల్లగా ఉంది. మోసమంతా ఆ క్షణంలోనే ఉంది. రెండో క్షణానికి వేళ్లలోకి సూదులు దిగాయి, గిన్నె పొయ్యి మీదే వదిలేశాను. పొడి గుడ్డతో మా డ్రైవరు దాన్ని దింపి, గట్టు మీద పెట్టి, మీసం కూడా సర్దుకున్నాడు.

అప్పుడు చెప్పారు విక్టర్ గారు. కోటులో మనిషిని కాపాడేది గుడ్డ కాదు, పొరల మధ్య చిక్కుకున్న గాలి. నీళ్లు పోస్తే గాలి ఉండాల్సిన చోట నీళ్లుంటాయి. నీళ్లు వేడిని గాలికంటే ఎంతో వేగంగా ఒంటి దాకా మోసుకొస్తాయి. ఇంకా వేడెక్కితే లోపలే ఆవిరవుతాయి. ఆ ఆవిరి బయటికి పోవాలంటే ఇంత మందం కోటు దాటాలి, లోపలికి రావాలంటే పల్చటి చర్మమే అడ్డు. పట్టీ నొక్కిన చోట, మోకాలు ఆనిన చోట, పిడికిలి బిగించిన చోట ఆ కాస్త ఎడం కూడా ఉండదు. అందుకే కాలిన మచ్చలు పట్టీ ఆకారంలో వచ్చాయి. ఆరుబయట పాకల మంట దగ్గర పనికొచ్చిన బకెట్‌ని మూసిన గదిలోకి తెచ్చాం. నలభై వేసవుల అలవాటుని నలభై నిమిషాల్లో ఆపేశారాయన. బకెట్‌కి చిల్లి పొడిచి గేటు పక్కన తులసి నాటించారు. అది ఇప్పటికీ ఏపుగా ఉంది. దాన్ని దాటినప్పుడల్లా నేను ఇంకోవైపు చూసేవాణ్ని.

మీరు గుర్తుంచుకోవాల్సింది కూడా ఇదే. బయటి నీళ్లు ఆపగలరు, చెమటని ఆపలేరు. లోపలి నుంచీ కోటు తడుస్తుంది. అందుకే ఒకసారి వెళ్లొచ్చాక మళ్లీ వెళ్లాల్సొస్తే లోపలి బనీను మార్చుకోండి, ఆరిన గ్లవుజులు అడిగి తీసుకోండి. ఎవడో నవ్వుతాడు, నవ్వనివ్వండి. కోటులో చురుక్కుమంటే ఆ చోటుని చేత్తో అదమకండి, వెనక్కి రండి. కోటు మంచిదైన కొద్దీ సెగ ఆలస్యంగా తెలుస్తుంది. తెలిసేసరికి అది దారిలో సగం దాటి ఉంటుంది. లోపల మనిషున్నాడని ఎవరన్నా చెబితే నమ్మండి, కానీ ఒకణ్ని జనంలోకి పంపి ఆ మనిషి పేరు గట్టిగా పిలిపించండి. వెనక కిటికీల దగ్గర మన మనిషి ఒకడు నిలబడాలి, రాడ్డు పట్టుకున్న పుణ్యాత్ములు రాకుండా.

పెంచినవి, అల్లినది

యేసుబాబు చేతులు నాలుగు నెలలకి కట్లు విప్పుకున్నాయి. కుడిచేతి రెండు వేళ్లు పూర్తిగా ముడుచుకోవు. నాజిల్‌కి పనికిరాలేదు. ఇప్పుడు స్టేషన్లో ఫోను దగ్గర కూర్చుంటాడు. మీరు మంటని చూసి కంగారుగా ఫోను చేస్తే, చిరునామా నిదానంగా చెప్పండి అనే గొంతు అతనిదే. చర్చిలో డోలక్ వేరేవాళ్లు వాయిస్తున్నారు, అతను పాడుతున్నాడు. ఆ పాట విన్నాను. దాని గురించి నేను ఎంత పెంచి చెప్పినా సరిపోదు.

ఇది రాశాక ముందుగా అతనికే చూపించాను. కుర్చీలో కూర్చుని, ముడవని వేలుతో వరస వెంట చదువుకుంటూ దిద్దుకుంటూ పోయాడు. లారీలు వెనక్కి వెళ్లలేదన్నా, ఒక లారీయే, డ్రైవరు తోలితే వెళ్లింది. విక్టర్ గారు చాలాసార్లు నవ్వారు, నువ్వు లేనప్పుడు. నీ చెవి మీద బొబ్బే రాలేదు, అది దోమ. నలభై వేసవులు ఎక్కడివి, మన స్టేషన్ కట్టే అంతకాలం కాలేదు. అన్నీ ఒప్పుకున్నాను. మూడో పేజీలో, తను నీళ్లు పోయమన్నాడని నేను రాసిన వాక్యం దగ్గర వేలు ఆగింది. కాసేపు అక్కడే ఉంది. పేజీ తిప్పాడు.

పెంచినవి పోగా, ఇందులో పూర్తిగా అల్లినది ఆ ఒక్క వాక్యమే. తాటిచెట్లూ తిరనాళ్లూ ఏవీ లేకుండా సాదాగా రాశాను, మీరు నమ్మేలా. నిజానికి ఆ అల్లిక కూడా నాది కాదు. ఆసుపత్రిలో గోడవైపు చూస్తూ యేసుబాబు అల్లి ఇచ్చాడు. అది తొడుక్కుని ఇన్నేళ్లూ పొడిగా తిరిగాను. ఆ రోజు షాపు ముందు మా మాటలు విన్నవాళ్లు ఇంకో నలుగురున్నారు, వాళ్లూ నోరు విప్పలేదు.

జరిగింది ఇది. షట్టరు ముందు నేను బకెట్ ఎత్తగానే యేసుబాబు ఒకడుగు వెనక్కి వేశాడు. “వద్దన్నా. తడిస్తే లోపల ఉడుకుద్దంట, మొన్న ట్రైనింగ్‌లో చెప్పారు” అన్నాడు.

“వాళ్లు ఏసీ గదిలో చెప్పుంటార్రా. ఇది ఆటోనగర్” అన్నాను.

అందరూ నవ్వారు. జోకు బాగా పేలింది. యేసుబాబు కూడా నవ్వాడు. నవ్వుతూనే తల వంచాడు.